కంచె దాటే గుర్రం

ఉద్దేశం

మూగజీవాల స్వభావాన్ని తెలిసికొని, ఆ స్వభావానికి తగినట్లుగా వాటిని పోషించడం మనిషి బాధ్యత. పచ్చిక బయలులో విడిచిన గుర్రం కంచె దూకి ఎందుకు పోతుందో, దానిని ఎలా నివారించవచ్చునో, అశ్రద్ధ చేస్తే ఎటువంటి అనర్థాలు వాటిల్లుతాయో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి మచ్చిక చేసికొన్న జంతువులలో గుర్రానికి ఒక విశిష్టమైన స్థానం ఉన్నది. ఎద్దు మనిషికి బలాన్ని ఇచ్చింది. ఆవు పాలను ఇచ్చింది. గుర్రం వేగాన్ని ఇచ్చింది. రాజ్యాల ఎల్లలు పెరగడానికీ, వార్తలు దూరదేశాలకు చేరడానికీ శతాబ్దాల తరబడి గుర్రపు పరుగే ఆధారం. అయితే ఏ వేగం కోసం, ఏ లాఘవం కోసం మనిషి గుర్రాన్ని చేరదీశాడో, ఆ గుణాలే దానిని ఒకచోట నిలిపి ఉంచడానికి ఆటంకాలైనాయి. ఆవును ఆపగలిగిన దడి గుర్రాన్ని ఆపలేదు. మేకను ఆపగలిగిన తడిక గుర్రానికి లెక్కలోనిది కాదు. గుర్రాన్ని పెంచే ప్రతి దేశంలోనూ, ప్రతి కాలంలోనూ ఈ చిక్కు ఎదురవుతూనే ఉన్నది.

ఈ చిక్కుకు మూలం గుర్రపు పుట్టుకలోనే ఉన్నది. నేటి పెంపుడు గుర్రాల పూర్వికులు వోల్గా, డాన్ నదుల నడుమ వ్యాపించిన స్టెప్ మైదానాలలో ఇంచుమించు 4,200 సంవత్సరాల క్రితం మనిషికి మచ్చికైనవని 2021లో వెలువడిన జన్యు పరిశోధనలు తెలుపుతున్నాయి. ఆ మైదానాలలో కంటికి ఆనినంత మేర గడ్డే తప్ప అడ్డు అన్నది లేదు. ఎద్దుకు కొమ్ములు ఉన్నాయి, పులికి గోళ్ళు ఉన్నాయి. గుర్రానికి ఉన్న ఆయుధం పరుగు ఒక్కటే. అపాయాన్ని పసిగట్టిన మరుక్షణం పారిపోవడం, గుంపును విడువకుండా ఉండడం, రోజులో అధిక భాగం మేస్తూ ముందుకు సాగడం అనే మూడు లక్షణాలు దాని నరనరాన జీర్ణించిపోయాయి. అటువంటి జంతువును మనిషి నాలుగు ఎకరాల చేనిలో నిలిపి, చుట్టూ కంచె వేసి, ఇక్కడే ఉండుమని శాసించాడు. ఆ శాసనాన్ని గుర్రం పాటించాలంటే అందుకు తగిన ఏర్పాట్లను మనిషే చేయవలసి ఉంటుంది.

దూకే శక్తి – చూచే తీరు

గుర్రం ఎంత ఎత్తు దూకగలదు? చిలీ దేశంలోని వీన్యా దెల్ మార్ నగరంలో 1949 ఫిబ్రవరి 5వ తేదీన హువాసో అనే గుర్రం, సైనికాధికారి ఆల్బెర్టో లార్రాగీబెల్ స్వారీ చేస్తుండగా, 2.47 మీటర్ల ఎత్తైన అడ్డాన్ని దాటింది. అంటే ఎనిమిది అడుగులకు పైమాట. వీపున మనిషిని మోస్తూ దాటిన ఆ ఎత్తును నేటి వరకు మరొక గుర్రం అధిగమించలేదు. అన్ని గుర్రాలూ హువాసోలు కావు. అయినప్పటికీ ఆరోగ్యంగా ఉన్న సామాన్యమైన గుర్రం మూడడుగులు, మూడున్నర అడుగుల అడ్డాన్ని పెద్దగా శ్రమపడకుండానే దాటుతుంది. భయమో బలమైన కోరికో తోడైనపుడు అంతకంటె చాలా ఎక్కువే దాటుతుంది.

గుర్రం దూకే విధానాన్ని గమనిస్తే దానిని ఆపే మార్గాలు కొన్ని వాటంతట అవే స్ఫురిస్తాయి. గుర్రం కొంత దూరం నుంచి నడకనో దౌడునో సరిచేసికొంటూ వస్తుంది. అడ్డం ముందు మెడను సవరించుకొని, ముంగాళ్ళను ముడిచి, వెనుకకాళ్ళ బలంతో శరీరాన్ని పైకి విసురుతుంది. కంచె ఎంత ఎత్తు ఉన్నదో ఇంచుమించు అంత దూరం నుంచే అది నేలను విడుస్తుంది. కనుక దూకడానికి దానికి పరుగు తీసే చోటు కావాలి, కాలు జారని నేల కావాలి, అవతల దిగడానికి అనువైన స్థలం కనబడాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా గుర్రం సందేహిస్తుంది.

గుర్రపు కన్నులు తలకు రెండు ప్రక్కలా ఉంటాయి. అందువలన తల త్రిప్పకుండానే ఇంచుమించు 350 డిగ్రీల మేర పరిసరాలను చూడగలదు. సరిగ్గా వెనుక భాగం, నొసటికి ఎదురుగా కొద్దిపాటి చోటు మాత్రమే దాని చూపుకు అందవు. కంచెకు అతి చేరువగా వచ్చేసరికి ఆ కంచె దాని ముక్కు క్రింద మరుగైపోతుంది. ముందుగా దూరం నుంచి చూచి వేసికొన్న అంచనాతోనే అది దూకుతుంది. రంగుల విషయంలోను గుర్రపు చూపు మనిషి చూపు వంటిది కాదు. నీలం, పసుపు ఛాయలను గుర్తించగలదు గాని, ఎరుపు, నారింజ వన్నెలను పచ్చిక రంగు నుంచి వేరుచేసి చూడలేదు. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ విషయాన్ని పరిశీలించి చెప్పిన తరువాత, అక్కడి గుర్రపు పందేలలో అడ్డాలకు వేసే నారింజరంగును తొలగించి తెలుపు వేయడం 2022లో మొదలైంది. పొలంలోని కంచెకు కూడ ఇదే నియమం వర్తిస్తుంది. గుర్రానికి కనబడని కంచె కంచె కాదు, ఉచ్చు.

గుర్రం ఎందుకు దూకుతుంది?

దూకగలిగిన శక్తి ఉన్నంత మాత్రాన గుర్రాలన్నీ దూకవు. కడుపునిండా మేత, తోడుగా సాటి గుర్రాలు, తిరుగాడే చోటు ఉన్న గుర్రం జీవితకాలమంతా నాలుగడుగుల కంచె లోపల ప్రశాంతంగా గడపడం కద్దు. కాబట్టి ఒక గుర్రం దూకినదంటే కంచె ఎంత ఎత్తు ఉన్నదన్న ప్రశ్న కంటె, ఎందుకు దూకినదన్న ప్రశ్నను ముందు వేసికోవాలి.

మొదటి కారణం ఆకలి. గుర్రం దేహం పెద్దది గాని జీర్ణాశయం చిన్నది. ఎనిమిది నుంచి పదిహేను లీటర్ల వరకు మాత్రమే అందులో పడుతుంది. ఆవువలె ఒక్కసారిగా మేసి, తీరికగా నెమరు వేసే వీలు దానికి లేదు. కొద్దికొద్దిగా, ఎడతెగకుండా మేయడమే దాని ప్రకృతి. పైగా దాని కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే లాలాజలం మాత్రం నమిలేటప్పుడే ఊరుతుంది. గంటల తరబడి మేత లేకపోతే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉన్నది. అయిదు వందల కిలోల బరువుగల గుర్రానికి రోజుకు ఎండుమేత లెక్కన సుమారు పది కిలోల ఆహారం, ఇరవై అయిదు నుంచి యాభై లీటర్ల నీరు అవసరమవుతాయి. పచ్చిక మొదలంటా కొరికివేసిన చేనిలో నిలబడి, కంచెకు అవతల మోకాలెత్తు పెరిగిన గడ్డిని చూస్తున్న గుర్రం ఊరక ఉండదు. పొరుగింటి పుల్లకూర రుచి అనే సామెత మనుషులకు మాత్రమే కాదు, గుర్రాలకు కూడ అన్వయిస్తుంది. అయితే గుర్రం విషయంలో అది చాపల్యం కాదు, అవసరం.

రెండవ కారణం ఒంటరితనం. మందలో పుట్టి మందలో పెరిగే జంతువు గుర్రం. మందలో ఒకటి నిద్రిస్తే మరొకటి కాపలా కాస్తుంది. ఒంటరిగా ఉన్న గుర్రం నిశ్చింతగా కన్నుమూయదు. కంచె వెంట అటూ ఇటూ ఎడతెరపి లేకుండా తిరగడం, పదే పదే సకిలించడం, చెవులు నిక్కించి ఒకే దిక్కుకు చూస్తూ ఉండడం దాని దిగులుకు గుర్తులు. దూరాన మరొక గుర్రం సకిలింత వినబడితే అది కంచెను లెక్కచేయదు. స్విట్జర్లాండు దేశంలో 2008లో చేసిన జంతు సంరక్షణ నియమావళి ప్రకారం ప్రతి గుర్రానికి మరొక గుర్రాన్ని చూచే, వినే, వాసన పట్టే అవకాశం కల్పించి తీరాలి. తోడు అనేది గుర్రానికి విలాసం కాదని చట్టమే అంగీకరించిందన్నమాట. సాటి గుర్రం దొరకనిచోట గాడిదనో మేకనో జత చేయడం కూడ అనేక ప్రాంతాలలో ఉన్న వాడుక.

మూడవ కారణం భయం. ఉరుములు, బాణసంచా, తరుముకొచ్చే కుక్కలు, గాలికి రెపరెపలాడే ప్లాస్టిక్ పట్టాలు గుర్రాన్ని బెదరగొడతాయి. బెదరిన గుర్రం ముందు పరుగెత్తి, ఆ తరువాతనే ఆలోచిస్తుంది. ఇంగ్లండులో నవంబరు 5వ తేదీ రాత్రి బాణసంచా కాల్చే ఆచారం ఉన్నది. ఆనాడు గుర్రాల యజమానులు ముందుగానే జాగ్రత్తపడతారు. మనకు దీపావళి అటువంటిదే.

నాలుగవ కారణం సంతాన ప్రవృత్తి. వసంత, గ్రీష్మ కాలాలలో ఆడగుర్రం సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఆ వాసన సోకిన మగగుర్రాన్ని ఆపడం సామాన్యమైన కంచెకు సాధ్యం కాదు. అదే విధంగా పిల్లను వేరుచేసిన తల్లిగుర్రం, తల్లి నుంచి వేరైన పిల్ల ప్రాణాలకు తెగించి అడ్డం మీదికి వస్తాయి.

అయిదవ కారణం పనిలేమి. ఉలవలు, ఓట్లు వంటి బలమైన దాణా పెడుతూ, తగినంత వ్యాయామం చేయించకపోతే ఆ శక్తి ఏదో ఒక మార్గాన బయటపడుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అనే సామెత పనిచేయని గుర్రాన్ని మేపే యజమాని బాధను తెలుపుతుంది. పని లేక దాణా మాత్రం తిన్న గుర్రం కంచెను ఏమి చేస్తుందో ఆ సామెత చెప్పలేదు.

చివరి కారణం అలవాటు. ఒకసారి దూకి, అవతల పచ్చని గడ్డినో స్నేహితులనో పొందిన గుర్రం ఆ మేలును మరువదు. మొదట అవసరం కోసం దూకినది తరువాత అవసరం లేకున్నా దూకుతుంది. అందుచేత మొదటి దూకుడుకు చోటు ఇవ్వకపోవడమే ఉత్తమమైన నివారణ.

పూర్వపు పద్ధతులు

మన దేశంలో అశ్వశాస్త్రానికి ప్రాచీన కాలం నుంచి ఆదరణ ఉన్నది. శాలిహోత్రుడు ఈ శాస్త్రానికి ఆద్యుడని ప్రసిద్ధి. భారత కథలో నకులుడు విరాటుని కొలువున దామగ్రంథి అనే పేరుతో అశ్వపాలకుడుగా అజ్ఞాతవాసం గడిపాడు. దామగ్రంథి అనే ఆ పేరులోనే పగ్గము, ముడి అనే అర్థాలు ఇమిడి ఉన్నాయి. ఇక్కడి పద్ధతిలో గుర్రాన్ని పచ్చికలో విడువడం తక్కువ. లాయంలో కట్టివేసి, గడ్డి కోసి తెచ్చి వేయడమే ఎక్కువ. తలకు ముందు పగ్గాలు, వెనుకకాళ్ళకు వెనుక పగ్గాలు వేసి, వాటిని గుంజలకు బిగించేవారు. మేతకు విడిచినపుడు ముంగాళ్ళు రెండింటినీ కలిపి కురచ త్రాటితో కట్టేవారు. అపుడు గుర్రం చిన్న చిన్న అడుగులు వేస్తూ మేయగలదు గాని పరుగెత్తలేదు. ఒక పనిని సాగనీయకుండా ఆదిలోనే ఆటంకం కల్పించడాన్ని ముందరికాళ్ళకు బంధం వేయడం అని తెలుగువారు అనడం ఈ ఆచారం నుంచి పుట్టినదే.

అల్లరిగా తిరిగే పశువు మెడకు వ్రేలాడగట్టే బరువైన కర్రను గుదికర్ర అనీ గుదిబండ అనీ అంటారు. పరుగెత్తబోతే అది మోకాళ్ళకు తగులుతుంది. విచిత్రమేమంటే, పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా రైతులు కూడ కంచె దాటే పశువుల మెడకు ఇటువంటి కర్రచట్రాలనే తగిలించేవారు. ఆ చట్రపు కొస కంచెకు తట్టుకొని పశువును ఆపేది. సముద్రాల అవతలి రైతుకూ ఇవతలి రైతుకూ ఒకే ఇబ్బంది, ఒకే ఉపాయం.

ఈ పద్ధతులు గుర్రాన్ని ఆపిన మాట నిజమే. అయితే ముంగాళ్ళ బంధంతోనే ఎగిరెగిరి పరుగెత్తడం నేర్చిన గుర్రాలు ఉన్నాయి. త్రాటి రాపిడికి కాళ్ళు పుండ్లు పడడం, పగ్గాలలో చిక్కుకొని పడిపోవడం, కుక్కలు తరిమినపుడు తప్పించుకోలేకపోవడం వీటిలోని దోషాలు. మనిషి కనిపెట్టుకొని ఉన్న కొద్దిసేపటికి ఇవి పనికివస్తాయి గాని, రాత్రింబవళ్ళు వదలివేయడానికి తగినవి కావు.

మంచి కంచె లక్షణాలు

గుర్రపు చేనికి కంచె సాధారణంగా నాలుగు నుంచి అయిదు అడుగుల ఎత్తు ఉండాలి. మగగుర్రాలకు, దూకుడు అలవాటైన వాటికి అయిదడుగులు దాటవలసిందే. మెడ చాచి అవతల మేయడానికి వీలులేనంత ఎత్తు ఉండడం మంచిది. మెడ చాచి ఆనుకొనే అలవాటే కంచెను బలహీనపరచి, దూకడానికి దారితీస్తుంది.

ఎత్తు ఎంత ముఖ్యమో, పైఅంచు స్పష్టంగా కనబడడం అంత ముఖ్యం. పైన దృఢమైన కొయ్యపట్టీనో వెడల్పైన తెల్లని పట్టీనో ఉంచాలి. సన్నని తీగ ఒక్కదానిని పైన లాగి ఎత్తు పెంచామనుకొంటే పొరపాటు. గుర్రం క్రింది పట్టీని చూచి అంచనా వేసికొని దూకుతుంది, కనబడని తీగకు కాళ్ళు తగిలి బోర్లపడుతుంది.

కొయ్యపట్టీలను గుంజలకు లోపలి వైపున, అంటే గుర్రాలు ఉండే వైపున కొట్టాలి. వెలుపలి వైపు కొడితే గుర్రం ఒరిగినపుడల్లా మేకులు ఊడివస్తాయి. లోపలి వైపు కొడితే ఎంత ఒరిగినా పట్టీ గుంజను మరింత హత్తుకొంటుంది. పట్టీల నడుమ సందు గిట్టగాని తలగాని ఇరుక్కొనేటట్లు ఉండరాదు. చేని మూలలు కోసుగా ఉంటే బలమైన గుర్రం బలహీనమైనదానిని మూలకు తరిమినపుడు అది వేరే దిక్కు లేక పైకి దూకుతుంది. మూలలను గుండ్రంగా మలిస్తే ప్రక్కకు తప్పుకొనే దారి ఉంటుంది.

నేల వాలును కూడ గమనించాలి. మెట్ట నుంచి పల్లానికి దిగే చోట కంచె వేస్తే, పైన నిలిచిన గుర్రానికి నాలుగున్నర అడుగుల కంచె మూడున్నర అడుగులుగానే ఎదురవుతుంది. కంచె ప్రక్కన మట్టిదిబ్బలు, ఎరువు కుప్పలు, గడ్డిమోపులు ఉంచడం దానికి మెట్లు కట్టి ఇవ్వడమే. రెండు చేల నడుమ మగగుర్రాలు ఒకదానినొకటి తాకకుండా రెండు కంచెలను కొంత ఎడంగా వేస్తారు. ఒకదానిని దాటినా దిగే చోటు ఇరుకు, ఎదుట మరొక అడ్డం కనిపించి గుర్రం వెనుదీస్తుంది. కంచె వెంట దట్టమైన పొదలను పెంచడం మరొక ఉపాయం. అవతలి ప్రక్క ఏమున్నదో కనబడనపుడు దూకే ఉత్సాహం సన్నగిల్లుతుంది. గాలివానకు నీడ కూడ లభిస్తుంది.

కంచె అంతా ఒక ఎత్తు, ద్వారం ఒక ఎత్తు. దాణా వచ్చే వేళకు గుర్రాలన్నీ ద్వారం వద్దకే చేరుతాయి, అక్కడే తోపులాట జరుగుతుంది. కనుక ద్వారం కంచె అంత ఎత్తుగా ఉండాలి, లోపలికే తెరుచుకోవాలి. పెదవులతో గడియ తీయడం నేర్చిన గుర్రాలు కొల్లలు. వాటికి అందని కొక్కెం అదనంగా ఉండాలి. రహదారి వైపు ద్వారం పెట్టక తప్పకపోతే, దానికి వెలుపల మరొక ద్వారం ఉండడం క్షేమకరం.

ముళ్ళతీగ – విద్యుత్తీగ

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు 1874లో ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. కొయ్య దొరకని విశాల మైదానాలలో పశువుల మందలను ఆపడానికి అది ఎంతగానో ఉపయోగపడింది. దాని చౌకదనం చూచి గుర్రాలకు కూడ అదే చుట్టినవారు చాలామంది. అది సరికాదు. ఆవు చర్మం మందం; ముల్లు గుచ్చుకొంటే వెనుకకు తగ్గుతుంది. గుర్రం చర్మం పలుచన. ముల్లు తగిలితే బెదరి మరింత గుంజుకొంటుంది. మోకాలి క్రింద గుర్రపు కాలికి కండ దాదాపు లేదు. చర్మం, దాని క్రిందనే నరాలవంటి గట్టి స్నాయువులు, ఎముక ఉంటాయి. అక్కడి గాయం త్వరగా మానదు. మానబోయే చోట పుండు మీద కండ అతిగా పెరిగి చర్మాన్ని మూసుకోనీయదు. స్నాయువు తెగిన గుర్రం మళ్ళీ పరుగెత్తలేకపోవచ్చును. ముళ్ళతీగను నమ్మినవాడు గుర్రాన్ని నిలుపుకోవచ్చును గాని, గుర్రపు కాళ్ళను నిలుపుకోలేడు.

విద్యుత్ కంచె నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఇది బలంతో ఆపేది కాదు, జ్ఞాపకంతో ఆపేది. ప్రత్యేకమైన యంత్రం ఒకటి సుమారు సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యవ వంతుకంటె తక్కువ కాలంపాటు, కొన్ని వేల వోల్టుల విద్యుత్తును తీగలోనికి పంపుతుంది. వోల్టులు ఎక్కువైనా ప్రవహించే కాలం అత్యల్పం కనుక తాకిన జంతువుకు చురుక్కుమంటుందే తప్ప ప్రాణహాని ఉండదు. ఒకటి రెండు సార్లు ముక్కుకు తగిలిన తరువాత గుర్రం ఆ తెల్లని పట్టీకి దూరంగా మెలగుతుంది. ఉన్న కొయ్యకంచెకు పైభాగాన, లోపలి వైపుకు జానెడు ముందుకు ఇటువంటి పట్టీని అమర్చితే, ఒరగడమూ తగ్గుతుంది, దూకడానికి చేరువగా రావడమూ తగ్గుతుంది. అయితే నేల బాగా ఎండిపోయినపుడు విద్యుత్తు చక్రం పూర్తికాక దెబ్బ తగలదు. పెరిగిన కలుపు మొక్కలు తీగను తాకితే శక్తి వాటి ద్వారా నేలలోనికి జారిపోతుంది. దినదినమూ పరీక్షించని విద్యుత్ కంచె ఉత్త దారం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంటి కరెంటును గాని, మోటారు కరెంటును గాని నేరుగా కంచె తీగకు కలపడం ఘోరమైన నేరం. అడవిపందుల బెడదకు తాళలేక పొలాల చుట్టూ అటువంటి తీగలు లాగినందువలన అమాయకులైన మనుషులు, పశువులు మరణించిన సంఘటనలు తెలుగునాట జరిగినవే. యంత్రం ద్వారా ఆగి ఆగి వచ్చే విద్యుత్తుకూ, తీగ నుంచి ఎడతెగక వచ్చే విద్యుత్తుకూ ఉన్న వ్యత్యాసం ప్రాణానికీ మరణానికీ ఉన్న వ్యత్యాసమే.

అలవాటైన గుర్రాన్ని మళ్ళించడం

ఇదివరకే దూకుడు మరిగిన గుర్రాన్ని ఎలా మళ్ళించాలి? ముందుగా ఆనవాళ్ళను పరిశీలించాలి. ఏ వేళ దూకింది, ఏ వైపు దూకింది, గిట్టల గుర్తులు ఎంత దూరం నుంచి మొదలైనాయి, దూకిన తరువాత ఎక్కడికి పోయింది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే కారణం దానంతట అదే తెలుస్తుంది. పొరుగు చేనిలోని గడ్డి వద్ద ఆగిన గుర్రానికి మేత కావాలి. మరొక గుర్రం వద్ద ఆగినదానికి తోడు కావాలి. ఎక్కడా ఆగకుండా పరుగెత్తినది దేనికో బెదరినది.

కారణం తొలగించిన పిదప కంచె ఎత్తును పెంచాలి. పెంచేటపుడు ఒక మెలకువ పాటించాలి. ఇవాళ నాలుగు అంగుళాలు, అది దాటితే రేపు మరి నాలుగు అంగుళాలు పెంచుతూ పోరాదు. పోటీల కోసం గుర్రాలకు దూకడం నేర్పే శిక్షకులు అనుసరించే మార్గం సరిగ్గా అదే. అటువంటి యజమాని తెలియకుండానే తన గుర్రానికి శిక్షణ ఇస్తున్నాడన్నమాట. పెంచదలచిన ఎత్తునంతా ఒక్కసారిగా పెంచి, దాటలేనన్న నమ్మకం గుర్రానికి కలిగించాలి. ఆ పని జరిగేవరకు దానిని ఎత్తైన లోపలి ఆవరణలోనో లాయంలోనో ఉంచి, మేత, తోడు సమకూర్చాలి. కొత్త చేనికి తెచ్చిన గుర్రాన్ని పగటివేళ పగ్గంతో పట్టుకొని కంచె పొడవునా ఒకసారి నడిపించాలి. ఎల్లలు తెలియని చోట రాత్రి విడిచిన గుర్రం పరుగులో కంచెను చూడక పోవచ్చును.

తప్పిపోయిన గుర్రం – యజమాని బాధ్యత

ఎన్ని జాగ్రత్తలు పడినా ఒకప్పుడు గుర్రం తప్పించుకోవచ్చును. అపుడు వెంటబడి తరమడం తగదు. తరిమేవాడిని చూచి పారిపోవడమే గుర్రానికి పుట్టుకతో వచ్చిన విద్య. ముందు రహదారి వైపు వెళ్ళకుండా దారి మూయాలి. ఆ తరువాత డబ్బాలో దాణా గలగలలాడిస్తూ నెమ్మదిగా చేరాలి. లేదా దానికి ఇష్టమైన తోటి గుర్రాన్ని పగ్గంతో ఎదుటికి తీసికొనిరావాలి. దొరికిన తరువాత కొట్టడం అవివేకం. దొరికితే దెబ్బలు తప్పవని నేర్చుకొన్న గుర్రం మరొకసారి చేతికి చిక్కదు.

తప్పించుకొన్న గుర్రానికి అవతల ఆనందమే ఎదురవుతుందని అనుకోరాదు. దాణా నిల్వలో తలదూర్చి అమితంగా తింటే కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసికొనలేదు కనుక తిన్నది బయటికి వచ్చే దారి లేదు. లేత పచ్చికను అతిగా మేస్తే గిట్టల లోపలి పొరలు వాచి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి కలుగుతుంది. అన్నిటినీ మించిన అపాయం రహదారి.

ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో 1996లో ఒక రాత్రి కొన్ని గుర్రాలు దేనికో తీవ్రంగా బెదరి, చేని కంచెలను పడద్రోసికొని ప్రధాన రహదారి మీదికి వచ్చాయి. వాటిలో ఒకటి ఒక కారును ఢీకొనగా, కారు నడుపుతున్న వ్యక్తి తీవ్రంగా గాయపడ్డాడు. గుర్రాలు ఎందుకు బెదరినవో ఎవరికీ తెలియలేదు. యజమానుల అజాగ్రత్త కూడ ఋజువు కాలేదు. అయినప్పటికీ, బెదరినపుడు అదుపు తప్పి పరుగెత్తడం గుర్రపు స్వభావమని, అది తెలిసి పెంచుతున్నవారు నష్టానికి బాధ్యులేనని బ్రిటన్ ప్రభువుల సభ 1971 నాటి జంతువుల చట్టం ప్రకారం 2003లో తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు నిలిచారంటే ఆ ప్రశ్న ఎంత జటిలమైనదో గ్రహించవచ్చును.

మన దేశంలోను ఈ విషయం చట్టానికి కొత్త కాదు. పరుల చేలలో పడి మేసే పశువులను పట్టి బందెలదొడ్డిలో పెట్టి, యజమాని రుసుము చెల్లించిన పిదప విడిచిపెట్టే ఏర్పాటును 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం క్రమబద్ధం చేసింది. ఆ చట్టం దృష్టిలో పశువులంటే ఆవులు, గేదెలే కావు. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, ఏనుగులు కూడ అందులో చేరుతాయి. బందెలదొడ్డి ఉన్న ఊరిలో కంచె విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు.

ముగింపు

తెలంగాణలో కంచ అనే మాటకు పశువుల మేతకై కాపాడి ఉంచిన గడ్డిభూమి అని అర్థం. అడ్డుగా నిలిచే కంచె, ఆకలి తీర్చే కంచ అనే ఈ రెండు మాటలు ఒకదానినొకటి పోలి ఉండడం ఆలోచింపదగిన విషయం. లోపల మేత లేని కంచె ఎంత ఎత్తైనా చాలదు. లోపల మేత, నీరు, తోడు, నీడ ఉన్నపుడు కొద్దిపాటి ఎత్తే సరిపోతుంది. హువాసో వంటి గుర్రాలు పుట్టిన లోకంలో దాటరాని కంచెను కట్టడం ఎవరి తరమూ కాదు. గుర్రానికి దాటవలసిన అవసరం రాకుండా చూడడం మాత్రం ప్రతి యజమాని చేతిలోనూ ఉన్నది.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. గుర్రం కంచె దూకడానికి గల కారణాలను వివరించండి.
2. గుర్రపు చేనికి వేయదగిన కంచె లక్షణాలను పాఠం ఆధారంగా తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. ముళ్ళతీగ ఆవుకు తగినదై, గుర్రానికి తగనిది ఎందుకైంది?
2. కంచె ఎత్తును కొద్దికొద్దిగా పెంచరాదని చెప్పడంలోని ఆంతర్యం ఏమిటి?
3. 2003లో బ్రిటన్ ప్రభువుల సభ ఇచ్చిన తీర్పు సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. హువాసో దాటిన ఎత్తు ఎంత?
2. అజ్ఞాతవాసంలో నకులుని పేరు ఏమిటి?
3. గుదికర్ర అనగా నేమి?

IV. సొంతవాక్యాలలో ప్రయోగించండి.
ముందరికాళ్ళకు బంధం వేయు, పొరుగింటి పుల్లకూర, గుదిబండ